ఎడమ మెడకే సూది

నమోదు 1

డాక్టర్లు రోజూ ఈ రికార్డరులో మాట్లాడాలట. ఇక్కడ నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి నాకూ ఇదే దిక్కు.

నా పేరు కోటగిరి సువార్త. పైన ఎండలు ముదిరి లారీలు ఆగిపోకముందు, ఆఖరి లారీలో నన్ను ఈ దిగువూరికి దింపారు. ఊరంతా భూమిలోపలే. ఊరికి ఇంకా కింద వేడి బావి ఉంది. ఇక్కడివాళ్లు దాన్ని ‘బాయి’ అంటారు. బాయి ఆవిరితోనే ఊరికి గాలి, నీళ్లు, వెలుతురు.

నా పని ఒక్కటే. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ మెడకు రెండు పక్కలా సూది వేయడం. గుండెకు తొందర పుట్టించే నరాలు మెడ అడుగున ఒకచోట ముడిపడి ఉంటాయి. ఆ ముడిని ఈ మందు దాదాపు నెల రోజులు నిద్రపుచ్చుతుంది. ఇక భయం వేసినా గుండె దడదడలాడదు. అందుకే ఇక్కడ అందరి రెప్పలూ సగం వాలి ఉంటాయి. గొంతులు బొంగురు. ఇంత ఉక్కలోనూ ఒక్కరి ముఖానా చెమట పట్టదు.

ఇవాళ వరుసలో మొదట కూర్చున్నది గ్యాంగు సర్దార్ ఓదెలు. పలకరింపుగా, “ఆరోగ్యం ఎలా ఉందండీ?” అన్నాను.

“పాత డాక్టరాయన ముచ్చట్లు పెట్టకపోతుండె,” అన్నాడు మెడ చాపుతూ. “సూదెయ్యి, జరుగు.”

వెనక ఎవరో నవ్వారు. సూది వేసి తర్వాతివాణ్ని పిలిచాను.

నమోదు 2

ఓదెలు గ్యాంగులోని మొండయ్యను రేకు మీద మోసుకొచ్చారు. పంపు పళ్లచక్రం భుజాన పెట్టుకుని వాలు ఎక్కుతూ పడిపోయాడట. తెచ్చినవాళ్లు అతన్ని బల్ల మీద సామానులా దించి పోయారు.

పడుకోబెట్టి చూస్తే ఏ లోపమూ కనబడలేదు. నాడి నిలకడగా ఉంది. గుండె గీతలు పుస్తకంలో బొమ్మలా ఉన్నాయి. కాసేపటికి లేచి కూర్చుని, “నేను పోత,” అన్నాడు.

“పోదువుగాని. ముందు ఆ మెట్లు ఎక్కి చూపించు.”

నా గది బయట పాత మెట్లదారి ఉంది. కింద బాయి నుంచి నా గది మీదుగా ఊరి పైభాగం దాకా పోతుంది; లిఫ్టు లేని రోజుల్లో బాయికి అదే తోవ. ఇప్పుడు దుమ్ము పట్టి ఉంది. మొండయ్య ఎక్కుతుంటే వేలికి నాడి చూసే తొడుగు పెట్టి పక్కనే నడిచాను. మొదట్లో గుండె వేగం కొంచెం పెరిగింది. తర్వాత అక్కడే ఆగిపోయింది. అతను ఇంకా ఎక్కుతున్నాడు, గుండె మాత్రం అంతకు మించి కదల్లేదు. పెదాలు బూడిదరంగుకు తిరిగాయి. గోడ పట్టుకుని జారిపోయాడు.

పాత డాక్టరు చేసిన పరీక్షలన్నీ పడుకోబెట్టి చేసినవే. పడుకున్న మనిషికి ఈ నరాలతో పెద్దగా పని లేదు. అప్పుడు గుండెను నడిపేది ఇంకో నరం, బ్రేకులాంటిది. లేచి నడిస్తే ఆ బ్రేకు వదులవుతుంది, బండి కొంచెం కదులుతుంది. ఎత్తు ఎక్కాలంటే మాత్రం మోటారు తిరగాలి. మేం సూదితో ఆపేసింది ఆ మోటారునే.

ఏళ్ల తరబడి ఇంతమందిని పడుకోబెట్టి, బాగున్నారని రాసిన ఆ మహానుభావుడు ఇప్పుడు పైన ఏ చల్లటి గదిలో కూర్చున్నాడో.

నమోదు 3

మేనేజర్ విఠల్రావు దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను కూర్చోమనలేదు.

“బాయిలోకి దిగే అందర్నీ మెట్లెక్కించి పరీక్ష చేయాలి,” అన్నాను. “సూది ఉన్నంతకాలం వీళ్లు బరువు మోయకూడదు, పరుగెత్తకూడదు.”

“ఎందుకు ఉరకాలె? లిఫ్టు ఉన్నది.”

“లిఫ్టు ఆగితే?”

ఆయన చేతిలో పని పక్కన పెట్టి నా వైపు చూశాడు. “మూడో సొరంగం ముచ్చట మీకు ఎవరన్న చెప్పిండ్రా?”

లేదన్నాను.

“కరెంటు పోయింది. అంతే. నిప్పు లేదు, ఆవిరి లేదు. చీకటి. ఒకడు మొత్తుకున్నడు, ఇగ అందరు తలుపు మీద పడ్డరు. ఆ తలుపు ఇటుపక్క నేనున్న. లోపటికి తెరుచుకునే తలుపు. వాళ్లు ఎనుకకు జరిగితేనే తెరుస్త. జరగలే. తలుపు తీసేసరికి లోపట నిలబడ్డోళ్లు లేరు.” గొంతు ఎక్కడా వణకలేదు. “ఆ తెల్లారి నుంచి సూది పెట్టినం. అప్పటి సంది ఒక్క తొక్కిసలాట లేదు. మీరు వచ్చి నాకు గుండె పాఠం చెప్తరా?”

“మొండయ్య పెదాలు ఏ రంగుకు వచ్చాయో మీరు చూడలేదు.”

“పడుకోబెడితె మంచిగున్నడా లేడా? అదే రాయండి. ఇంకో మాట, పైన లారీలు తిరుగుతలేవు. మిమ్మల్ని కొలువు నుంచి తీసేస్తె ఈ ఎండల నడిచి పోవాలె.”

బెదిరింపును ఇంత మర్యాదగా చెప్పినవాణ్ని నేను ఇంతకుముందు చూడలేదు.

నమోదు 4

గ్యాంగువాళ్లకే చెప్పి చూద్దామని క్యాంటీనుకు పోయాను. అదీ ఒక తెలివితక్కువే.

గటక తింటున్నవాళ్లు తినడం ఆపలేదు. మోటారు, బ్రేకు అంటూ వాళ్ల భాషలోనే చెప్పాను. చివర, “సూది మానేస్తే నెలలో గుండె మామూలుగా అవుతుంది,” అన్నాను.

బల్ల చివర కూర్చున్న ఆడమనిషి లేచింది. లసుమక్క. బాయిలో బండకు రంధ్రాలు వేసే బర్మా యంత్రం నడుపుతుంది. సర్దార్ ఓదెలుకు వదిన. ఆమె భర్త, అంటే ఓదెలు అన్న, మూడో సొరంగంలోనే పోయాడు.

“మాన్పిచ్చి ఏం జేస్తవ్?” అంది.

“మీ మంచికే చెబుతున్నాను లసుమక్కా.”

“నా మంచి నీకేం ఎర్క? ఆయన పోయినంక యాడాది నేను బాయి దిక్కు మొకం పెట్టలే. లిఫ్టు సప్పుడు ఇంటె గుండె నోట్లెకు వస్తుండె. అన్నం ముద్ద దిగకపోవు. సూది ఏసినంకనే మల్ల మనిషినైన. ఆ బుగులు నువ్వు ఎన్నడన్న చూసినవా? దాన్ని తెచ్చి మల్ల నా ఛాతిల పెడ్తవా?”

వాళ్ల మాటలో బుగులంటే భయం. “మెట్లు ఎక్కాల్సి వస్తే…”

“సస్త. బుగులు లేకుంట సస్త. పో ఇగ.”

తినే పళ్లెం ఒకటి నా కాళ్ల దగ్గర పడింది. ఎవరు విసిరారో చూడలేదు. చూస్తే ఇంకొకటి వచ్చేది.

నమోదు 5

పొద్దున లేచేసరికి నా గదికి నీళ్లు రావడం లేదు. బయట గొట్టం వాల్వు ఎవరో మూసి, దాని పిడి విరిచి పట్టుకుపోయారు. చల్లగాలి వచ్చే కన్నంలో మట్టి కుక్కారు. మట్టి తవ్వుకుంటూ ఉండగా ఓదెలు వచ్చాడు. వెనక సగం గ్యాంగు.

“మొండయ్యగాడు పనిదొంగ,” అన్నాడు. “వాన్ని చూసి మమ్ముల లెక్క కడ్తివి. నేను ఎక్కుత మెట్లు. పైదాంక. ఎక్కినంక నువ్వు నోరు ముయ్యాలె.”

“వద్దు. పడిపోతావు.”

“ఎక్కుత అంటున్న గద.”

ఎక్కాడు. బలిసిన భుజాలు, ఎద్దులాంటి మనిషి. రెండు మలుపులు ఊపుగా పోయాడు. గ్యాంగు కేకలు వేసింది. మూడో మలుపులో కేకలు ఆగాయి. అతని కాలు మెట్టు మీద పెట్టినచోటే ఉండిపోయింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నిలబడటమే ప్రమాదం. నడుస్తున్నంతసేపూ కాళ్ల కండరాలు రక్తాన్ని పైకి పిండుతూ ఉంటాయి. గుండె వేగం పెంచలేకపోయినా, వచ్చిన రక్తాన్ని ఒక్కో దెబ్బకు ఎక్కువ తోసి ఎలాగో లాక్కొస్తుంది. నిలబడిపోతే రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది.

“పడుకో!” అని చొక్కా పట్టి లాగాను. పడుకోలేదు, పడ్డాడు. కాళ్లు ఎత్తి పై మెట్టు మీద పెట్టాను. కాసేపటికి కళ్లు తెరిచాడు.

తెరవగానే అన్న మాట: “సూదిల ఏం కలిపినవే?”

కింద నుంచి అదే మాట అందుకున్నారు. ఏదో కలిపింది, తన మాట నెగ్గించుకోవాలని కలిపింది. లసుమక్క మెట్ల మొదట్లో నిలబడి నన్నే చూస్తోంది. మరిదిని లేపి తీసుకుపోయింది. పోతూ పోతూ నా గుమ్మంలో ఉమ్మేసింది.

నమోదు 6

మళ్లీ సూది వేసే రోజు. ఓదెలు అందరూ వెళ్లిపోయాక వచ్చాడు. కూర్చున్నాడుగానీ మెడ చాపలేదు.

“నువ్వేం కలపలే,” అన్నాడు. క్షమాపణ కాదు, అందులో అదోరకం విసుగు. “పాతాయన ఏసిన నెలల కూడ ఒకపారి గిట్లనే అయింది. ఎవలకు చెప్పలే.”

“అయితే సూది మానేస్తావా?”

“మానేస్తె బాయిల దిగలేను. మూడో సొరంగంల మా అన్న శవాన్ని బయటికి గుంజింది నేనే.” అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు, చెమట లేకపోయినా. “సగం ఎయ్యరాదా?”

సగం మందు సగం పని చేయదు. కానీ సగం మెడ? ఆ ఆలోచన నాకు రానందుకు సిగ్గేసింది. గుండె వేగాన్ని పెంచే తీగలు ఎక్కువగా కుడి ముడి నుంచి వస్తాయి. ఎడమ ముడి నుంచి వచ్చేవి ఎక్కువగా దెబ్బకు బలం ఇస్తాయి. ఎడమ పక్కకే వేస్తే బలం కొంత తగ్గుతుంది, వేగం మాత్రం చేతిలో ఉంటుంది. భయం కూడా కొంత ఉంటుంది.

“ఎడమకే వేస్తాను. గుండె దడ పూర్తిగా పోదు. ఓర్చుకుంటావా?”

“ఎయ్యి.”

తర్వాత అతని స్నేహితులు ముగ్గురు వచ్చారు. ఒక్కరూ నా ముఖం చూడలేదు. లసుమక్క రాలేదు, ఆమెకు రెండు పక్కలా పొద్దున్నే వేసేశాను. అడిగి చూశాను కూడా. “నీ దయ నాకొద్దు,” అంది.

నమోదు 7

పట్టుబడ్డాం. పట్టుబడమా మరి! ఎడమ రెప్ప వాలి, కుడి కన్ను గుండ్రంగా తెరుచుకుని నలుగురు మనుషులు ఊళ్లో తిరుగుతుంటే గుడ్డివాడికైనా తెలుస్తుంది. విఠల్రావు గుడ్డివాడు కాడు.

“వాళ్లకు కుడిపక్క కూడ వెయ్యండి. ఇవ్వాళనే.”

“పైకి రమ్మంటే రారు.”

“మీరే కిందికి పోండి. బాయిల దిగేవాళ్లకు సూది తప్పదు కాబట్టి ముందు మీరు వేసుకోండి.”

నాకు మందులు అందించే కాంపౌండరు రెండు పక్కలా వేశాడు. ముఖం వేడెక్కింది. ముక్కు దిబ్బడేసింది. రెప్పలు బరువెక్కాయి. కాసేపటికి, వచ్చిన రోజు నుంచీ నా ఛాతీలో బిగుసుకుని ఉన్నదేదో ముడి వదిలింది.

విఠల్రావు మీద కోపం ఉంది. వాక్యాలు వాక్యాలుగా, తప్పు లేకుండా గుర్తుంది. కానీ అది మెడ దాటి కిందికి దిగడం లేదు. ఆ నలుగురికీ సూది వేయనని ఎదురు తిరగాల్సింది. ఎందుకో తిరగబుద్ధి కాలేదు. పెట్టె సర్దుకుని లిఫ్టు ఎక్కాను.

తొక్కిసలాట ఆపడానికి పెట్టిన సూదితో ఇంకా ఏమేం ఆపవచ్చో అప్పుడు అర్థమైంది. అర్థమైనా కోపం రాలేదు.

నమోదు 8

గొంతు ఇంకా సరిగా రాలేదు. అయినా ఇది చెప్పి తీరాలి.

పంపు గది దగ్గర ఓదెలు గ్యాంగు ఉంది. నేను పెట్టె తెరిచేలోపు పెద్ద ఆవిరి గొట్టం పగిలింది. దీపాలు పోయాయి, లిఫ్టు ఆగింది. టోపీల మీది దీపాల వెలుగులో తెల్లటి ఆవిరి గోడలా మా వైపు కదిలింది.

ఎవరూ అరవలేదు. విఠల్రావు చెప్పింది నిజమే. రెండు పక్కలా సూది ఉన్నవాళ్లంతా మెట్లదారి ముందు బడి పిల్లల్లా వరుస కట్టారు. ఒకరినొకరు తోసుకోలేదు. ఆ వరుసను చీల్చుకుంటూ పరుగెత్తింది ఆ నలుగురే. ఓదెలు నా భుజాన్ని గుద్ది, “తప్పుకో!” అని దూసుకుపోయాడు. అతని కుడి కన్ను గుడ్డు బయటికి వచ్చేలా ఉంది. నలుగురూ మెట్ల మీద మనుషులను తొక్కుకుంటూ పైకి మాయమయ్యారు.

నేనూ ఎక్కాను. మొదటి మలుపు వరకు బాగానే ఉంది. తర్వాత కాళ్లు రక్తం అడిగాయి. గుండె మాత్రం నేను కుర్చీలో కూర్చుని ఉన్నట్టు తన పాటికి తాను కొట్టుకుంటోంది. వెనక ఆవిరి వస్తోందన్న సంగతి దానికెవరూ చెప్పలేదు. చూపు అంచుల నుంచి నల్లబడుతూ వచ్చింది. చచ్చిపోతానని తెలుసు. ఆ తెలియడం కూడా పక్కింటివాళ్ల వార్త విన్నట్టే ఉంది.

నా ముందు ఇద్దరు ఆగి నిలబడ్డారు. నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే కూలారు.

“నిలబడొద్దు!” అన్నాను. బొంగురు గొంతు ముందున్నవాడికే వినబడింది. “పైకి చెప్పు. మెల్లగా ఎక్కండి. ఆయాసం వస్తే పడుకోండి. కాళ్లు పై మెట్టు మీద పెట్టి పడుకోండి. చూపు వచ్చాక మళ్లీ ఎక్కండి.”

ఆ మాట నోటి నుంచి నోటికి పైకి పోయింది. మెట్ల మీద మనుషులు ఎక్కడం, తలకిందులుగా పడుకోవడం, లేచి మళ్లీ ఎక్కడం. నేనూ అలాగే చేశాను. ఆవిరి మెల్లగా వస్తోంది, మేం అంతకంటే కాస్త తొందరగా పోతున్నాం.

పైన ఊళ్లోకి తెరుచుకునే ఇనుప తలుపు మూసి ఉంది. అవతల విఠల్రావు ఉన్నాడని తర్వాత తెలిసింది. తలుపు అద్దంలోంచి ఆయనకు కనబడింది ఆ నలుగురి బెదిరిన కుడి కళ్లు. మూడో సొరంగమే మళ్లీ వచ్చిందనుకున్నాడు. తెరవలేదు. ఆ తలుపుకు లోపలి పక్క చేత్తో తిప్పే చక్రం ఒకటి ఉంది. తుప్పు పట్టిన చక్రం. సూది నిండా ఉన్నవాళ్లు అరచుట్టు తిప్పకముందే సోయి తప్పి పడిపోయేవాళ్లు. పిచ్చి భయంతో కొట్టుకుంటున్న గుండెలు కాబట్టి ఆ నలుగురూ తిప్పగలిగారు.

తలుపు తెరుచుకుంది. చల్లగాలి మెట్ల మీదికి దిగింది. ఆ గాలికి ఎదురుగా ఓదెలు కిందికి వచ్చాడు. పళ్లు టకటకలాడుతున్నాయి. నన్ను దాటుతూ, “వదినె ఏది?” అన్నాడు.

లసుమక్క నాకు రెండు మలుపుల కింద మెట్టు మీద కూర్చుని ఉంది. పడుకోలేదు. పడుకోమంటే నా మాట ఆమె వినదు. ఓదెలు దీపం ఆమె ముఖం మీద పడటం పైనుంచి చూశాను. ప్రశాంతంగా ఉంది.

“లే వదినే. ఆవిరొస్తున్నది.”

“చూస్తున్న,” అంది. “బుగులైతలేదురా. కాళ్లే వస్తలేవు.”

ఆమెను భుజానికెత్తుకుని ఎక్కాడు. ఏడుస్తూ, బూతులు తిడుతూ, నన్ను తిడుతూ ఎక్కాడు. ఒక్క మలుపులోనూ ఆగలేదు. తలుపు దాటాక నేల మీద దించినప్పుడు నేను నాడి చూశాను. లేదు. ఎక్కడో మధ్యలో ఆగిపోయింది. ఛాతీ మీద బలమంతా పెట్టి నొక్కాను. నా గుండె నాకే సరిపోలేదు, చేతులు పడిపోయాయి. ఓదెలు నన్ను పక్కకు తోసి తానే నొక్కాడు. చాలాసేపు నొక్కాడు.

మిగిలినవాళ్లంతా బయటపడ్డారు.

నమోదు 9

విఠల్రావు నా గదికి వచ్చాడు. ఈసారి నేను కూర్చోమనలేదు.

“తలుపు బలవంతంగ తెరిచినందుకు ఆ నలుగురి మీద విచారణ ఉంటది,” అన్నాడు.

“తెరవనందుకు మీ మీద?”

గోడ వైపు తిరిగాడు. “వాళ్లు ఎనుకకు జరుగుతరని చూసిన,” అన్నాడు. తర్వాత మళ్లీ మేనేజరు గొంతు వచ్చింది. “ఇగ నుంచి ఎడమపక్కకే వెయ్యండి. కాగితం మీద మాత్రం రెండు పక్కల అని రాయండి. లసుమక్క ఆవిరికి పోయిందని రాయండి.”

“ఆవిరి ఆమెను తాకనే లేదు. అలా రాయను.”

“ఎండ తగ్గినంక మొదటి లారీల మీరు పోతరు.”

“పోతాను. నిజం రాసే పోతాను.”

నాకిది మొదటి సూది కాబట్టి మందు అప్పుడే దిగిపోతోందేమో, ఆ మాట అంటున్నప్పుడు గుండె గట్టిగా కొట్టుకుంది. బాగుంది. ఆయన వెళ్లాక కూడా కొట్టుకుంటూనే ఉంది.

నమోదు 10

ఓదెలు వచ్చాడు. చిక్కిపోయాడు. బల్ల మీద కూర్చుని మెడ కుడిపక్క చూపించాడు.

“ఎయ్యి.”

“ఎందుకు?”

“పండుకుంటె కూడ కొట్టుకుంటున్నది. కండ్లు మూస్తె ఆమె బరువు భుజం మీదికి వస్తున్నది. ఎయ్యవమ్మ, నీకేం పోయింది?”

మణికట్టు పట్టుకున్నాను. నాడి తరిమినట్టు పరుగెడుతోంది. అతను చెయ్యి లాక్కోలేదు.

“వేస్తాను,” అన్నాను. “మంచం మీద ఉన్నంతసేపు నీ గుండెకు ఏ లోటూ రాదు. కానీ మందు ఉన్నన్ని రోజులూ బాయిలో దిగకూడదు. బరువు ఎత్తకూడదు. మెట్లు ఎక్కకూడదు.”

“అన్ని దినాలు పండుకోవాల్నా?”

“పండుకోవాలి.”

మందు సూదిలోకి ఎక్కించాను. నిజంగానే వేద్దామనుకున్నాను. నిద్ర లేని మనిషికి నిద్ర ఇవ్వడం తప్పేమీ కాదు. మెడ మీద తడి దూది పెట్టగానే అతని ఒళ్లు బిగుసుకుంది.

“ఆమె ఎట్ల కూసున్నదో చూసినవా?” అన్నాడు. “బస్సు కోసం కూసున్నట్టు కూసున్నది.”

“చూశాను.”

“నేను బుగులుతోని ఉరికిన. అందరిని తొక్కి ఉరికిన. ఆమె కూసున్నది.”

“మళ్లీ దిగావు కదా.”

“సిగ్గుకు దిగిన. మొత్తుకుంట దిగిన.” దూదిని చేత్తో తోసేశాడు. బల్ల దిగి, నా మీద చేయి చేసుకునేంత దగ్గరగా నిలబడ్డాడు. ముఖాన కుడిపక్క చెమట ధారగా కారుతోంది. “నీ సూది మన్నుల కలువ. నీ చదువు మన్నుల కలువ. నువ్వు రాకపోతె నాకిది ఎర్కనే లేకుండె.”

తలుపు విసురుగా తెరుచుకుని పోయాడు. బాయి దగ్గర కొత్త గొట్టం వేస్తున్నారు. లిఫ్టు ఇంకా నడవడం లేదు. సామానంతా మెట్ల మీద నుంచే మోయాలి. గుమ్మం బయట ఉన్న గొట్టం ముక్క అతను భుజాన వేసుకున్న చప్పుడు, తర్వాత బాయి వైపు మెట్లు దిగే బూట్ల చప్పుడు వినిపించాయి.

నన్ను, విఠల్రావును, చచ్చిపోయిన అన్నను, వదినను, అందరినీ పేరు పేరునా తిడుతూ నడిచాడు. ప్రతి మలుపులోనూ ఆ గొంతు వినబడింది. ఎక్కడా ఆగలేదు.